ప్రభుత్వ ఐటీ సహకార సంఘం పర్యవేక్షణ బోర్డులో ఒక సీటు ఖాళీ: ఎవర్ని తీసుకుంటే మంచిది?

జర్మనీలో మున్సిపాలిటీలకీ రాష్ట్ర ప్రభుత్వాలకీ ఐటీ పనులు చేసిపెట్టే ప్రభుత్వ సంస్థలు చాలానే ఉన్నాయి, వాటిల్లో కొన్ని కలిసి సహకార సంఘాలు పెట్టుకున్నాయి. మున్సిపల్ ఐటీ సంస్థలు కలిపి కొనుక్కుంటే రేటు తగ్గుతుందని 2012లో పెట్టుకున్న ప్రోవిటాకో ఒకటి, 2019లో బెర్లిన్‌లో మొదలైన గవ్‌డిజిటల్ ఇంకొకటి, దీంట్లో బవేరియా వాళ్ళ ఏకేడీబీ, ఉత్తరాది డేటాపోర్ట్ లాంటి పెద్దవాళ్ళు మెంబర్లు. ఇలాంటి సంఘాల్లో మెంబర్లే ఓనర్లు, మెంబర్లే కస్టమర్లు, చాలాసార్లు సర్వీసు ఇచ్చేది కూడా మెంబర్లలో ఒకరే. అలాంటి చోట ఆఫ్‌జిష్ట్స్‌రాట్‌లో, అంటే మేనేజ్‌మెంట్ మీద కన్నేసి ఉంచే పర్యవేక్షణ బోర్డులో, ఒక సీటు ఖాళీ అయితే ఎవరి పేరు ముందుకి తేవాలి అన్నదే ఇక్కడ నేను చెప్పబోయేది. జర్మనీలో ఈ రంగంలో పనిచేస్తున్న మనవాళ్ళకి పనికొస్తుందనీ, ఇక్కడ మన దగ్గర సొసైటీల్లో డైరెక్టర్లుగా ఉన్నవాళ్ళకి కూడా పోల్చుకోడానికి బాగుంటుందనీ రాస్తున్నా.

మన సొసైటీలకీ వీటికీ చుట్టరికం నిజంగానే ఉంది. 1890ల్లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వం ఫ్రెడెరిక్ నికల్సన్‌ని యూరప్ పంపి రైతుల అప్పుల సంగతి స్టడీ చేయిస్తే ఆయన తిరిగొచ్చి జర్మనీ రైఫైజన్ పద్ధతి, అంటే ఊరివాళ్ళే కలిసి పెట్టుకునే అప్పుల సంఘాలు, మన పల్లెలకి కావాలని రిపోర్టు రాశాడు, దాని ప్రభావంతోనే 1904లో ఇండియాలో మొదటి సహకార చట్టం వచ్చింది. కోస్తా, రాయలసీమ అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే కదా. అందుకే ప్యాక్స్ (మన ఊళ్ళలోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు) మీటింగులు చూసినవాళ్ళకి జర్మన్ సంఘం మీటింగు అంత కొత్తగా అనిపించదు, ఒక్క తేడా ఏంటంటే అక్కడ రోజువారీ నడిపే మేనేజ్‌మెంట్ బోర్డు వేరు, దాన్ని గమనించే బోర్డు వేరు, ఒకే మనిషి రెండిట్లో ఉండకూడదు.

ముందు ఈ సీటు బరువెంతో తెలుసుకోవాలి, ఎందుకంటే చాలామంది దీన్ని ఏడాదికి మూడు నాలుగు మీటింగులూ ఒక భోజనం అనుకుని ఒప్పుకుంటారు. జర్మన్ సహకార చట్టం ప్రకారం ఈ బోర్డులో కనీసం ముగ్గురుండాలి, ఇరవై మందికి మించని చిన్న సంఘమైతే నియమావళిలో రాసుకుని బోర్డే లేకుండా కూడా నడపొచ్చు. వీళ్ళు ఏ లెక్కల పుస్తకమైనా తెప్పించుకుని చూడొచ్చు, ఏ విషయం మీదైనా మేనేజ్‌మెంట్‌ని రిపోర్టు అడగొచ్చు, వార్షిక లెక్కలు తనిఖీ చెయ్యాలి, అవసరమైతే మేనేజ్‌మెంట్ మెంబర్ని తాత్కాలికంగా పక్కన పెట్టి జనరల్ మీటింగు పిలవొచ్చు. పని ఇంకొకరికి అప్పగించడం మాత్రం కుదరదు, నాకు పనుంది నా బదులు డిప్యూటీని పంపిస్తా అంటే చట్టం ఒప్పుకోదు. నిర్లక్ష్యంగా ఉండి సంఘానికి నష్టం వస్తే సొంతంగా బాధ్యత పడుతుంది, దాదాపు ఊరికే చేస్తున్నవాళ్ళ విషయంలో అది వాళ్ళకి అనుకూలంగా లెక్కలోకి తీసుకోవాలని చట్టంలో ఉంది గానీ అది పూర్తి మాఫీ కాదు. లాభాల మీద కమిషన్ లాంటి పారితోషికం కూడా ఇవ్వకూడదు. ఇవన్నీ మొదటి ఫోన్ కాల్‌లోనే చెప్పేయాలి, చెప్పాక కూడా ఉంటానన్నవాళ్ళతోనే ముందుకెళ్ళాలి.

ఇప్పుడు పేర్ల దగ్గరికొద్దాం. ఇలాంటి ఖాళీ వచ్చినప్పుడు బల్ల మీదికి వచ్చే పేర్లు ఎప్పుడూ ఇంచుమించు ఒకే రకం: బయటి నుంచి పేరున్న ఐటీ ఎక్స్‌పర్ట్, పెద్ద మెంబర్ సంస్థ హెడ్, ఎవరో ఒక మేయర్, ఊరి ఫైనాన్స్ చూసే ఆఫీసర్, చిన్న మెంబర్ సంస్థ నడిపే మనిషి, ఇంకా సైబర్ సెక్యూరిటీ మనిషి.

బయటి ఎక్స్‌పర్ట్‌తో మొదలుపెడతా, ఎందుకంటే అందరికీ మొదట తట్టే ఐడియా ఇదే, ముందుగా ఆగిపోయేదీ ఇక్కడే. క్లౌడ్ తెలిసిన ప్రొఫెసరో, రిటైరైన ప్రైవేట్ కంపెనీ సీఈఓనో వస్తే బోర్డుకి బలం కదా అంటారు, అనడం కరెక్టే. కానీ చట్టం సెక్షన్ 9 ఏం చెప్తుందంటే బోర్డులో కూర్చునే మనిషి ఆ సంఘంలో మెంబర్ అయ్యుండాలి, మెంబర్లు సంస్థలైతే ఆ సంస్థ తరఫున సంతకం పెట్టే అధికారం ఉన్న మనిషి అయ్యుండాలి. సరే ఆ ప్రొఫెసర్ గారికి ఒక షేరు ఇచ్చి మెంబర్ని చేసేద్దాం అంటారా, అక్కడే అసలు దెబ్బ. ఈ సంఘాలు బతికేదే ఇన్‌హౌస్ కాంట్రాక్టు మీద, అంటే టెండరు పిలవకుండా మెంబర్లు నేరుగా సంఘానికి పనివ్వడం. 1999లో యూరప్ కోర్టు టెకల్ కేసులో ఇచ్చిన తీర్పుతో ఈ దారి తెరుచుకుంది, తర్వాత 2014 నాటి యూరప్ ప్రొక్యూర్‌మెంట్ డైరెక్టివ్‌లోకి, అక్కణ్ణుంచి జర్మన్ చట్టంలోకి వచ్చింది. దానికున్న షరతులు ముఖ్యంగా మూడు: మెంబర్లకి తమ సొంత డిపార్ట్‌మెంట్ మీద ఉన్నంత కంట్రోల్ సంఘం మీద ఉండాలి, సంఘం చేసే పనిలో 80 శాతానికి పైగా మెంబర్ల కోసమే ఉండాలి, నేరుగా ప్రైవేట్ పెట్టుబడి ఉండకూడదు. ఒక్క మంచి మనిషిని బోర్డులోకి తేవడానికి ప్రైవేట్ షేరు ఇచ్చి సంఘం మొత్తం వ్యాపారాన్ని కోర్టు మెట్ల దాకా తీసుకెళ్ళే రిస్క్ ఎవరూ చెయ్యకూడదు, నేనైతే ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే అనుకుంటా.

ఈ విషయంలో మన చట్టమే కొంచెం నయం. 97వ రాజ్యాంగ సవరణ డైరెక్టర్లు 21 మందికి మించకూడదంటూనే, బ్యాంకింగ్, మేనేజ్‌మెంట్, ఫైనాన్స్ లాంటివి తెలిసిన ఇద్దర్ని అదనంగా కోఆప్ట్ చేసుకోవచ్చంది, వాళ్ళకి సంఘం ఎన్నికల్లో ఓటుండదు, ఆఫీస్ బేరర్లు కాలేరు. 2021 జులైలో సుప్రీం కోర్టు ఆ భాగాన్ని రాష్ట్రాల సంఘాల వరకు కొట్టేసింది గానీ మల్టీ స్టేట్ సంఘాలకి ఉంచింది. జర్మనీలో ఇలాంటి వెసులుబాటు లేదు కాబట్టి బయటి ఎక్స్‌పర్ట్ నిజంగా కావాలంటే ఓటు లేని సలహా మండలి పెట్టుకోవాలి, లేదా బోర్డే ఒక ఫలానా ప్రశ్న మీద ఆయన్ని కన్సల్టెంట్‌గా పిలిపించుకోవాలి. రెండోదే బెటర్ అని నా ఉద్దేశం, సలహా మండళ్ళు మొదటి ఏడాది ఉత్సాహంగా కూర్చుంటాయి, తర్వాత మీటింగుకి డేట్ దొరకదు.

ఇదే సెక్షన్ 9 సైబర్ సెక్యూరిటీ మనిషి పేరుని కూడా చాలాసార్లు కొట్టేస్తుంది. మున్సిపల్ సంస్థలో సెక్యూరిటీ ఆఫీసర్‌కి సాధారణంగా సంస్థ తరఫున సంతకం పెట్టే అధికారం ఉండదు కాబట్టి అతను ఎంత గట్టివాడైనా అర్హత దగ్గరే ఆగిపోతాడు, అందుకే ఏ పేరు వచ్చినా మొదటి పని ఆ సంస్థ రిజిస్టర్ కాగితమో నియమావళో తెప్పించుకుని అతనికి సంతకం హక్కు ఉందా లేదా అని చూడటం, కాఫీ తాగడాలు పరిచయాలు అన్నీ దాని తర్వాతే. ప్రోకూరా (సంస్థ తరఫున సంతకం పెట్టమని జర్మనీలో మేనేజర్లకి రాసిచ్చే అధికారం) ఉన్న మేనేజర్లు, ఒంటరిగా కాక ఇంకొకరితో కలిసి మాత్రమే సంతకం పెట్టగలిగేవాళ్ళు, వీళ్ళ విషయం వచ్చినప్పుడు సంఘం ఆడిట్ ఫెడరేషన్ని ముందే అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. జర్మనీలో ప్రతి సహకార సంఘమూ ఏదో ఒక ఆడిట్ ఫెడరేషన్‌లో మెంబర్‌గా ఉండి తీరాలి కదా, వాళ్ళకి ఈ ప్రశ్న కొత్త కాదు.

సరే, సెక్యూరిటీ తెలిసినవాళ్ళు బోర్డులో లేకపోతే ఎలా అని భయం వేస్తుంది, వెయ్యాలి కూడా. 2023 అక్టోబర్ చివర్లో జ్యూడ్‌వెస్ట్‌ఫాలెన్ ఐటీ మీద అకీరా ముఠా ర్యాన్సమ్‌వేర్ దాడి చేస్తే 70కి పైగా మున్సిపాలిటీల ఆఫీసులు ఆగిపోయాయి, నెలల తరబడి పనులు పూర్తిగా కోలుకోలేదు. అది సహకార సంఘం కాదు, మున్సిపాలిటీల ఉమ్మడి సంస్థ, కానీ నడిపే పని ఇలాంటిదే. తర్వాత బయటికొచ్చిన ఫోరెన్సిక్ రిపోర్టులో తేలింది ఏంటంటే వాళ్ళు వచ్చింది వీపీఎన్ దారిలో, దానికి రెండో దశ వెరిఫికేషన్ లేదు. ఇక్కడే నేను చెప్పాలనుకున్న అసలు పాయింటు ఉంది. బయటి నుంచి మన సిస్టమ్‌లోకి లాగిన్ అయ్యే దారులు ఎన్ని, ప్రతిదానికీ రెండో చెక్ ఉందా, లేనివాటికి డేట్ ఏది అని అడగడానికి సెక్యూరిటీ డిగ్రీ అక్కర్లేదు. అడిగి, జవాబు వచ్చేదాకా వదలకుండా, తర్వాతి మీటింగులో మళ్ళీ అదే అడిగే మనిషి కావాలి. అన్నీ తెలిసిన మనిషికన్నా అడిగే మనిషి ఈ సీట్లో ఎక్కువ పనిచేస్తాడు, తెలిసినవాళ్ళని గంట లెక్కన పిలిపించుకోవచ్చు, అడిగే స్వభావం ఎక్కడా అద్దెకి దొరకదు.

పెద్ద మెంబర్ సంస్థ హెడ్ విషయానికొస్తే, అర్హత పక్కా, టెక్నాలజీ తెలుసు, ఆయన వస్తే ఆ సంస్థ సంఘం నుంచి జారిపోదన్న ధైర్యం కూడా వస్తుంది. చిక్కేంటంటే సంఘం ద్వారా మిగతా మెంబర్లకి వెళ్ళే క్లౌడో హోస్టింగో ఆయన సంస్థదే అయ్యుండొచ్చు, అప్పుడు ఆ సర్వీసు రేటు ఎక్కువైందా, లేటైందా అన్నది బోర్డులోకి వచ్చినప్పుడు ఆయన లేచి బయటికెళ్ళాలి. అలా ఒక్కసారైతే సరే, ప్రతి మీటింగులో సగం ఎజెండాకి బయట కూర్చుంటే సీటు ఖాళీగా ఉన్నట్టే. నేను సూచించేది: ఆ సంస్థకీ సంఘానికీ మధ్య నడుస్తున్న కాంట్రాక్టులన్నీ ఒక పేజీలో రాయమనండి, ఆ పేజీని పోయినేడు బోర్డు ఎజెండాల పక్కన పెట్టి చూడండి, నాలుగో వంతుకి మించి కలిస్తే ఆయన్ని ఈ సీటుకి కాకుండా టెక్నికల్ కమిటీకి అడగండి. బోర్డులో పెద్దవాళ్ళ మనుషులు ఇప్పటికే ఇద్దరున్నారంటే మూడో పెద్దాయన అసలొద్దు. సహకార సంఘంలో మామూలుగా మెంబర్‌కి ఒక ఓటు, పెద్దా చిన్నా లేదు, బోర్డు మాత్రం పెద్దల క్లబ్బులా కనిపిస్తే చిన్న ఊళ్ళ సంస్థలు మీటింగులకి రావడం మానేస్తాయి.

మేయర్ల సంగతి చూస్తే, మేయర్ పేరు పోస్టర్ మీద బాగుంటుంది, మంత్రిత్వ శాఖతో మాట్లాడాల్సి వస్తే తలుపు తెరుచుకుంటుంది, పైగా మామూలు మనిషి ఆఫీసుకొచ్చి ఐడీ కార్డు కోసం ఎంతసేపు నిలబడ్డాడో తెలిసింది ఆయనకే. కానీ టైము ఉండదు. రెండొందల పేజీల ఆడిట్ రిపోర్టు వచ్చిన వారమే ఊళ్ళో వరదో, బడ్జెట్ గొడవో ఉంటుంది, డిప్యూటీని పంపుదామంటే కుదరదని పైన చెప్పా కదా. ఎన్నికల్లో ఓడిపోతే పదవితో పాటు సంతకం అధికారం పోతుంది, దానితో ఈ సీటుకి అర్హతా పోతుంది, మళ్ళీ వెతుకులాట. ఇంకొకటి, తన ఊరి కౌన్సిల్‌కి జవాబు చెప్పుకోవాల్సిన మనిషి బోర్డులో విన్న రహస్యాలు బయట చెప్పకూడదు, ఈ రెండిటి మధ్య నలిగిపోతారు. మేయర్‌ని తీసుకోవాలనుకుంటే మొన్నమొన్న గెలిచినవాళ్ళని, అదీ తమ ఊళ్ళో ఏదైనా డిజిటల్ పనిని స్వయంగా వెనకపడి చేయించిన వాళ్ళని చూడండి.

ఫైనాన్స్ ఆఫీసర్లు, జర్మనీలో కెమెరర్ అంటారు, వీళ్ళని తక్కువ అంచనా వేస్తారు గానీ బోర్డులో ఒక్కరైనా ఉండాల్సిన రకం. లెక్కల తనిఖీ ఈ బోర్డు చట్టబద్ధమైన పని, ఫెడరేషన్ ఆడిటర్లు కనీసం రెండేళ్ళకోసారి, పెద్ద సంఘాలకి ఏటా వస్తారు, ఆడిట్ ముగింపు మీటింగులో బోర్డు కూడా కూర్చుంటుంది. ఆ గదిలో సంగతి తెలిసిన మనిషి ఒకరుంటే చాలు తేడా తెలిసిపోతుంది: ఆడిటర్ ఏదో ఒక ప్రొవిజన్ (రాబోయే ఖర్చు కోసం లెక్కల్లో పక్కన పెట్టిన మొత్తం) గురించి మెత్తగా ఒక వాక్యం చదివి పేజీ తిప్పబోతుంటే, ఆ వాక్యం పోయినేడు లేదు కదా, ఎందుకొచ్చింది అని ఆపేది వీళ్ళే. సంతకం అధికారం ఊరికి తగ్గట్టు మారుతుంది, చూసుకోవాలి. కొత్తదానికి డబ్బు పెట్టాలంటే ప్రతిసారీ వద్దనే అలవాటున్నవాళ్ళయితే ఐటీ సంఘానికి అదీ ప్రమాదమే, సర్వర్లు మార్చాల్సిన ఏడాది వాయిదా వేస్తే ఆ ఖర్చు తర్వాత ఇంకో రూపంలో వచ్చి మీద పడుతుంది.

ఇక మిగిలింది చిన్న, మధ్య సైజు మెంబర్ సంస్థ నడిపే మేనేజింగ్ డైరెక్టర్లు. నా ఓటు ఎక్కువసార్లు వీళ్ళకే. సంతకం అధికారం ఉంటుంది, సంఘానికి సర్వీసు అమ్మేది తక్కువ కొనేది ఎక్కువ కాబట్టి కాన్‌ఫ్లిక్ట్ తక్కువ, రేటు పెరిగితే నొప్పి ముందు తెలిసేది వాళ్ళకే, జీతాల దగ్గర్నుంచి ఫైర్‌వాల్ దాకా అన్నీ వాళ్ళ టేబుల్ మీదికే వస్తాయి కాబట్టి కొంచెం కొంచెం అన్నీ తెలుసు. ఇన్‌హౌస్ కోణంలో ఇంకో లాభం ఉంది. 2012లో ఎకోనార్డ్ కేసులో యూరప్ కోర్టు, ఇటలీలో చెత్త సేకరణ సంస్థలో నామమాత్రంగా వాటా కొనుక్కున్న చిన్న ఊళ్ళ విషయంలో, పెట్టుబడిలోనే కాదు సంస్థని నడిపే వ్యవస్థల్లో కూడా ప్రతి మెంబర్‌కీ పాత్ర ఉండాలని చెప్పింది, ఒక్కొక్కరికీ ఒక్కో సీటు అక్కర్లేదు, ఒకే మనిషి పలువురి తరఫున ఉండొచ్చని తర్వాతి డైరెక్టివ్‌లో రాశారు. జనరల్ మీటింగుతోనే ఆ షరతు తీరుతుందా లేదా అన్నది మీ సంఘం నియమావళిని బట్టి లాయర్ చెప్పాలి, కానీ నలుగురైదుగురు చిన్న మెంబర్లు కలిసి ఒప్పుకున్న మనిషి బోర్డులో ఉంటే ఆ వాదనకి బలమే కదా. లోపం ఏంటంటే వీళ్ళకి పెద్దవాళ్ళ ముందు మొహమాటం ఉండొచ్చు, రేపు అదే పెద్ద సంస్థ దగ్గర సాయం అడగాల్సి వస్తుందని తగ్గి మాట్లాడతారు.

ఆ మొహమాటం ఉందో లేదో, అడిగే స్వభావం ఉందో లేదో బయోడేటాలో దొరకదు. నేను చేసేది చెప్తా. ఒక ఊహాజనిత ప్రాజెక్టు రిపోర్టు, ఒకే పేజీ, ఎదురుగా పెడతా: బడ్జెట్ 24 లక్షల యూరోలు, ఇప్పటిదాకా ఖర్చు 19 లక్షలు, పని అయింది 40 శాతం, కుడివైపు స్టేటస్ గడిలో ఆకుపచ్చ చుక్క. ఏమీ చెప్పకుండా రెండు నిమిషాలు ఆగుతా. కొందరు వెంటనే టెక్నాలజీ గురించి మాట్లాడతారు, ఏ డేటాబేస్, ఏ వెండర్ అని. కొందరు బాగుంది, వివరంగా ఉంది అంటారు. ఈ చుక్క ఆకుపచ్చగా ఎందుకుంది, దీన్ని ఎవరు పెట్టారు, మిగిలిన ఐదు లక్షలతో అరవై శాతం పని ఎలా అవుతుంది అని అడిగినవాళ్ళ పేరు రాసుకుంటా. తర్వాత ఇంకొక్క ప్రశ్న వేస్తా, మేనేజ్‌మెంట్ మీకు బాగా కావాల్సినవాళ్ళు, రిపోర్టు రెండుసార్లు అడిగినా ఇవ్వలేదు, మూడోసారి ఏం చేస్తారు అని. ఫోన్ చేసి మాట్లాడుకుంటాం అని ఆగిపోతే నాకు అనుమానమే, ఫోన్ చేస్తా, అయినా రాకపోతే చైర్‌పర్సన్‌కి రాసి మినిట్స్‌లో ఎక్కించమంటా అన్నవాళ్ళు కావాలి.

మీ పరిస్థితిని బట్టి చెప్పాలంటే ఇలా చూసుకోండి. బోర్డులో లెక్కలు చదివేవాళ్ళు ఎవరూ లేకపోతే మిగతా చర్చంతా ఆపి సంతకం అధికారం ఉన్న ఫైనాన్స్ మనిషిని వెతకండి, ఇది మిగతా అన్నిటికన్నా ముందు. లెక్కలకి ఒకరున్నారు, పెద్దవాళ్ళే నిండిపోయారు అంటే చిన్న మెంబర్ల ఉమ్మడి మనిషిని తెండి. రాష్ట్ర ప్రభుత్వంతోనో కేంద్రంతోనో పెద్ద ఒప్పందం ముందుంటే, మొన్నే గెలిచిన మేయర్ ఒకరు దొరికితే ఆలోచించొచ్చు. సంఘం కొత్తది, ప్లాట్‌ఫాం ఇంకా కడుతున్నారు అంటే పెద్ద సంస్థ హెడ్ ఒకరు మొదటి టర్ముకి పనికొస్తారు, కాంట్రాక్టుల పేజీ మాత్రం తప్పనిసరి. ఎవరైనా సరే ఒక మాట గుర్తుంచుకోండి, ఒకసారి జనరల్ మీటింగు ఎన్నుకున్నాక టర్ము మధ్యలో తీసెయ్యాలంటే నాలుగింట మూడొంతుల మెజారిటీ కావాలి, అది కూడదీసేలోపు ఒక ఏడాది పోతుంది.

అందుకే ఎన్నిక ఉన్న జనరల్ మీటింగుకి ఆరు నెలల ముందే మొదలుపెట్టండి. మొదటి నెలలో బోర్డులో ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినీ విడిగా అడిగి, పోయినేడు ఏ ఎజెండా మీద ఎవరికీ ప్రశ్న రాలేదో రాసుకోండి, లోటు ఎక్కడుందో ఆ కాగితంలోనే కనిపిస్తుంది. తర్వాత పేర్లు, సంతకం అధికారం చెక్, కాంట్రాక్టుల పేజీ, ఒక గంట ముఖాముఖి. ఒప్పుకున్న మనిషికి ఎన్నికకి ముందే పోయిన రెండు ఆడిట్ రిపోర్టుల్లో ఇవ్వగలిగినంత ఇచ్చి చదవమనండి, రహస్యం పాటిస్తానని సంతకం తీసుకుని. చదివాక వెనక్కి తగ్గితే తగ్గనివ్వండి, రెండో పేరు చేతిలో ఉంటే ఇబ్బందేం లేదు, ఆ రెండో పేరు కోసమైనా చిన్న మెంబర్లకి ఒకసారి ఫోన్ చేసి పెట్టుకోండి.